పక్క మార్చినట్టు

నరసరావుపేట,
జూన్ 9.

పెద్దమ్మా,

నీకు చెవులు వినపడక ఫోన్ చేయడం మానేశాను కదా, ఇక ఉత్తరాలే. చేతిరాత చూసి నవ్వకు. ఇంటర్ మధ్యలో మానేసిన దాని రాత ఇంతకంటే బాగుండదు.

పని దొరికింది. ముసలివాళ్ళని పెట్టుకుని చూసే హోమ్. మేనేజర్ చక్రధర్ సార్ ఏం చదివావని అడిగాడు. "ఏం చదవలేదు. మా పెద్దమ్మ మాచర్లలో మిషన్ ఆసుపత్రి ఆయా. ముప్పై ఒక్క ఏళ్ళు చేసింది. సెలవులకి ఆమె వెంట వార్డుల్లో తిరిగాను. మిగతాది ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను" అన్నాను. నవ్వి బీపీ మిషన్ చేతిలో పెట్టాడు. చూసి చెప్పాను. మర్నాడే రమ్మన్నాడు.

పై అంతస్తులో పదకొండు మంది. నలుగురు మంచం దిగలేరు. పగలు నేను, రాత్రి సుందరక్క. ఆమెది బొల్లాపల్లి వైపు, భర్త లేడు, మాట తక్కువ. తెల్లవారుజామున అందరికీ స్నానాలు చేయించి దిగుతుంది. చదువు రాదు, టిక్కు పెట్టడం, పేరు గీయడం వచ్చు. నర్సు సిస్టర్ వారానికి రెండుసార్లు వచ్చి చూసి పోతుంది.

ఇక నా ఒళ్ళు మండే సంగతి. మంచం దిగలేని మనిషికి తలా ఒక కాగితం ఉంటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చి, కుడి, ఎడమ, వెల్లకిలా ఏదో రాసి, టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఆ కాగితాల ఫైలు కింద ఆఫీసు బీరువాలో ఉంటుంది. డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తీస్తారు. అందుకని అందరూ ఎక్కేటప్పుడే రోజంతటికీ టిక్కులు కొట్టేస్తారు. పొద్దున ఎనిమిదింటికే సాయంత్రం నాలుగింటి టిక్కు ఉంటుంది. ఇదేంది సార్ అంటే, "పైన పెడితే మరకలు చేస్తారమ్మా. ఇన్‌స్పెక్షన్ వాళ్ళొస్తే కాగితం నీట్‌గా ఉండాలి" అన్నాడు. కాగితం నీట్‌గా ఉంటే చాలు, మనిషి ఎట్లా ఉన్నా పరవాలేదు.

నేను మాత్రం అట్లా చేయను. ఎవరిని ఎప్పుడు తిప్పానో అరచేతి మీద పెన్నుతో రాసుకుని సాయంత్రం ఫైల్లోకి దించుతున్నాను. అది చూసి కింద వంటావిడ నాకు కలెక్టరమ్మ అని పేరు పెట్టింది. పెట్టుకోనీ.

పక్క మార్చడంలో నాకు తెలియనివి ఏమన్నా ఉంటే రాయి.

నీ పింకీ

*

మాచర్ల,
జూన్ 18.

పింకీ తల్లికి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. అరచేతి మీద రాసుకునే పని మానవద్దు.

నీకు తెలిసినవే అయినా రాస్తున్నాను. మనిషిని లాగకూడదు, లేపి తిప్పాలి. లాగితే దుప్పటి చర్మాన్ని గీరుతుంది. రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టు. మడమలు మంచానికి ఆనకుండా చూడు. తుంటి, తోక ఎముక, మడమ, ఈ మూడు చోట్ల రోజూ నీ కళ్ళతో చూడాలి. ఎర్రగా ఉంటే వేలితో నొక్కు. నొక్కినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే భయం లేదు. తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతే లోపల కండ చావడం మొదలైనట్టు. ఆ రోజే సిస్టర్‌కి చెప్పాలి.

ఇంకొకటి. తిప్పడం కుదరకపోతే కుదరలేదని రాయి. మనిషి వద్దంటే వద్దన్నదని రాయి. దానికి సిగ్గు లేదు. మా వార్డులో ఒక ముసలి సిస్టర్ అనేది, "చేయని పని ఖాళీగా వదిలితే రేపు ఇంకొకళ్ళు వచ్చి చేస్తారు, చేసినట్టు రాస్తే ఇంక ఎవరూ చేయరు" అని.

నీ నలుగురిలో పక్షవాతం వాళ్ళు ఎవరన్నా ఉన్నారా. ఏ వైపు పోయిందో రాయి.

పాపమ్మ

*

నరసరావుపేట,
జూలై 14.

పెద్దమ్మా,

ఆలస్యం అయింది, తిట్టుకోకు.

పక్షవాతం ఒక్కరికే, సుబ్బలక్ష్మి గారికి. గురజాలలో నలభై ఏళ్ళు కిరాణా కొట్టు మీద కూర్చున్న మనిషి. ఇప్పుడు కూతురు శ్రీవల్లి గారు నడుపుతున్నారు. నెలకు రెండుసార్లు వచ్చి చూసి పోతారు. ఈమెకి కుడి వైపు పోయింది, నోరు మాత్రం పోలేదు.

మొదటి రోజే నా పేరు అడిగింది. చెప్పాను.

"పింకీ ఏందే. బడిలో పేరు లేదా?"

"గ్రేస్ మణి."

"అంత పేరు పెట్టుకుని పింకీ అంటావేందే. గ్రేస్ మణీ, ఇట్టా రా, ముక్కు మీద ఈగ వాలింది, దాన్ని తోలు."

పక్క మారుస్తుంటే, "ఏమే, నన్ను కందిపప్పు బస్తాలాగా దొర్లిస్తన్నావు. బస్తాకైనా కింద చెక్క వేసేవాళ్ళం మేము" అంటుంది. "మీరు బస్తా కంటే బరువు మామ్మగారూ" అంటే, "తినీ తినీ పెంచింది ఊరికే పోద్దా" అని ఎడమ చేత్తో నా చెవి పట్టుకుంటుంది. మిగతావాళ్ళు నన్ను "ఓ అమ్మాయ్" అంటారు. ఈమె ఒక్కతే పేరు పెట్టి పిలుస్తుంది.

ఆమె మంచం కిటికీ పక్కన. కుడి పక్కకు పడుకుంటే రోడ్డు కనపడుతుంది. దాచేపల్లి నుంచి సిమెంటు లారీలు, మాచర్ల బస్సు, మిరపకాయల ట్రాక్టర్లు. ఏ బండిలో ఏం సరుకుందో, తాడు ఎవరు గట్టిగా కట్టారో, ఎవరు దారిలో పడేసుకుంటారో చెబుతుంది. ఎడమ పక్కకు తిప్పితే గోడ. "గోడని చూసి ఏం చేసుకోనే" అని తిడుతుంది. బతిమాలి తిప్పుతున్నాను.

హోమ్‌లో ఇంకో ఇద్దరు చేరారు. పని ఎక్కువైంది. నువ్వు ఒంట్లో బాగానే ఉన్నావా.

పింకీ

*

మాచర్ల,
జూలై 22.

పింకీ,

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు ఎప్పటివే.

ఆ సుబ్బలక్ష్మమ్మకి పడిపోయిన కుడి వైపు స్పర్శ ఉందా? ఆమె చూడకుండా పిక్క మీద గిల్లి చూడు. స్పర్శ లేకపోతే ఆ వైపు గంటలు గంటలు పడుకున్నా ఆమెకు నొప్పి తెలియదు. హాయిగానే ఉందంటుంది. ఆమె మాట నమ్మవద్దు, చర్మాన్ని చూడు. స్పర్శ లేని పక్కన అసలు ఎక్కువసేపు ఉంచకూడదు.

ఈ సంగతి ఆమెకి కూడా విడమరచి చెప్పు. కొట్టు నడిపిన మనిషి, అర్థం చేసుకుంటుంది.

వెంటనే జవాబు రాయి.

పాపమ్మ

*

నరసరావుపేట,
ఆగస్టు 13.

పెద్దమ్మా,

సుబ్బలక్ష్మి మామ్మకి తుంటి మీద పుండు పడింది. శనివారం సిస్టర్ వచ్చి చూసింది. పైకి రూపాయి బిళ్ళంత కనపడుతుంది, లోపల వేలు పట్టేంత గుంట. చీము, జ్వరం. గుంటూరు తీసుకెళ్ళారు. స్ట్రెచర్ మీద కూడా, "మెల్లిగా దించండయ్యా, గుడ్ల బుట్టనుకోండి" అంది. దించేవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ జరిగింది విను. చక్రధర్ సార్ శ్రీవల్లి గారి ముందు ఫైలు తెరిచి పెట్టాడు. పగలు రెండు గంటలకోసారి, ఎడమ, వెల్లకిల, కుడి, వరుసగా టిక్కులు, నా సంతకాలు. రాత్రి గడుల్లో సుందరక్కవి రెండు రోజులు ఖాళీ. అంతే. "రాత్రి ఆయా నిద్రపోయిందమ్మా. పగలు పిల్ల చూడండి ఎంత పద్ధతిగా రాసిందో" అన్నాడు. సుందరక్కని అక్కడికక్కడే మానిపించాడు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. గోడకున్న సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఈ మనుషులంటే నాకు అసహ్యం పుడుతోంది. ఇరవై ఏళ్ళ కాగితాలు దాస్తారు, ఒక్క గాలి పరుపు కొనరు. సిస్టర్ వారానికి రెండుసార్లు వచ్చి టీ తాగి పోతుంది. పన్నెండు గంటల డ్యూటీలో పదమూడు మందికి ఒక్క మనిషి. పుండు పడితే మాత్రం ఆయాది తప్పు.

సుందరక్క రాత్రి నిద్రపోయిందేమో, నాకేం తెలుసు. నేను చూడలేదు కదా.

పింకీ

*

మాచర్ల,
ఆగస్టు 19.

పింకీ,

నీ ఉత్తరంలో కోపం చానా ఉంది. నేను అడిగినవి లేవు. స్పర్శ చూశావా లేదా రాయలేదు. పుండు తుంటి మీద అన్నావు, ఏ తుంటో రాయలేదు. నీ రాతలో అంత ముఖ్యమైన మాట ఎప్పుడూ జారిపోదు.

నేను చదువుకున్న దాన్ని కాదు, కానీ వెయ్యి తుంట్లు చూసిన దాన్ని. వెల్లకిలా వదిలేసిన మనిషికి పుండు తోక ఎముక మీద పడుతుంది. తుంటి మీద పడిందంటే ఒకే పక్కన రోజుల తరబడి ఉంచారని. రాత్రి ఆయా తిప్పకుండా నిద్రపోతే మనిషి వెల్లకిలా ఉండిపోతుంది. కిటికీలోంచి లారీలు కనపడేది పగలు.

కుడి తుంటేనా?

నేను నీకు పెద్దమ్మని. పోలీసుని కాదు. జరిగింది జరిగినట్టు రాయి.

పాపమ్మ

*

నరసరావుపేట,
ఆగస్టు 30.

పెద్దమ్మా,

కుడి తుంటే.

మామ్మ ఇరవై ఏడో తారీఖున పోయింది. చీము రక్తంలోకి వెళ్ళిందన్నారు. గుంటూరు నుంచి నేరుగా గురజాల తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు.

రాస్తాను. జూలై ఎనిమిదిన మధ్యాహ్నం ఎడమ పక్కకు తిప్పబోతే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు తిప్పినప్పుడల్లా నేను పోయినట్టే ఉంటదే. ఆ గోడకి నన్ను అప్పజెప్పి పోతావు. ఇట్టా ఉండనీవే గ్రేస్ మణీ" అంది. తిట్టలేదు. బతిమాలింది. ఆమె బతిమాలడం అదే మొదటిసారి. ఉండనిచ్చాను.

వద్దన్నదని రాయవచ్చు, నువ్వు చెప్పావు. రాస్తే ఏమవుతుందో తెలుసా. ఇక్కడ మాట విననివాళ్ళని కింది గదికి మారుస్తారు. ఆ గదికి కిటికీ లేదు. అందుకని 'ఎడమ' అని రాసి టిక్కు పెట్టాను. ఒక్క రోజే అనుకున్నాను. మర్నాడూ అంతే. పొద్దున పదింటికి కుడి పక్కకు తిప్పితే నాలుగింటి దాకా అట్లానే. పన్నెండుకి ఎడమ, రెండుకి వెల్లకిల, నాలుగుకి కుడి అని కాగితంలో. తరువాత అరచేతి మీద రాసుకోవడం కూడా మానేశాను. రాసుకోవడానికి ఏముంది. పొద్దునే అన్నీ కొట్టేసి పైకి పోయేదాన్ని, అందరిలాగే.

నీ రెండో ఉత్తరం వచ్చాక గిల్లి చూశాను. తెలియలేదు ఆమెకి. భయం వేసింది. అయినా "హాయిగా ఉందే" అంటుంటే ఆ మాటే పట్టుకున్నాను. మంచిదాన్ని అనిపించుకోవడం బాగుంది పెద్దమ్మా. ఆ పదమూడు మందిలో నేను గదిలోకి వస్తే మొహం వెలిగేది ఆమెకి ఒక్కదానికే.

నా బదులు సుందరక్క పని పోయింది. నేను అక్కడే నిలబడి చూశాను.

శ్రీవల్లి గారికి చెప్పాలని ఉంది. ఏం చేయమంటావు. నువ్వు చెప్పిందే చేస్తాను.

పింకీ

*

మాచర్ల,
సెప్టెంబరు 6.

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను.

అది చక్రాల మంచమే కదమ్మా. మంచాన్ని తల ఇటు ఉన్నది అటు తిప్పితే ఎడమ పక్కకు పడుకున్నా కిటికీయే కనపడేది. మేము వార్డులో అట్లాగే చేసేవాళ్ళం. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే రాసేదాన్ని. ఆమె గోడ వద్దంది, పక్క మార్చడం వద్దనలేదు. ఇది నీకు రాయకుండా ఉండాలనుకున్నాను. కానీ రేపు ఇంకొక మనిషి దగ్గర నీకు పనికొస్తుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి. ఎవరికీ చెప్పవద్దు.

నేనా ఈ మాట రాసేది అని ఆశ్చర్యపోతావు. ముప్పై ఒక్క ఏళ్ళలో తప్పులు చానా చూశాను. డాక్టర్లవి, సిస్టర్లవి, ఆయాలవి. ఒప్పుకున్న వాళ్ళంతా ఆయాలే. పెద్దవాళ్ళ తప్పుకి మీటింగు పెడతారు. మన తప్పుకి పోలీసుస్టేషన్. నీకు ఇరవై మూడేళ్ళు. చేతిలో చదువు కాగితం లేదు. మనిషి ప్రాణం పోయిన చోట సంతకం నాదే అని నోటితో చెబితే ఇంక నిన్ను ఎవరూ ఏ మంచం దగ్గరకీ రానివ్వరు. కేసు పెడితే ఎవరు తిరుగుతారు. సిమెంటు లోడింగు నుంచి మీ నాన్న ఏసయ్య రోజూ రాలేడు కదా.

సుబ్బలక్ష్మమ్మ తిరిగి రాదు. సుందరికి ఇంకో చోట పని దొరుకుతుంది. అక్కడ మానేసి మాచర్ల వచ్చెయ్యి. నాతో ఉండు. ప్రార్థన చేసుకుందాం. దేవుడికి చెప్పుకుంటే చాలు.

పాపమ్మ

*

నరసరావుపేట,
సెప్టెంబరు 11.

పెద్దమ్మా,

మంచం తిప్పడం సంగతి చదివాక రెండు రోజులు పనికి పోలేదు. ఆ మాట రాసినందుకు నీ మీద కోపం లేదు.

రెండో మాటకి ఉంది. చేసినట్టు రాస్తే ఇంక ఎవరూ చేయరని నాకు చెప్పింది నువ్వే. ఇప్పుడు ఎవరికీ చెప్పకుండానే అంతా చెప్పేసినట్టు ఉండిపొమ్మంటున్నావు. దేవుడికి చెప్పుకుంటే దేవుడు బొల్లాపల్లి వెళ్ళి సుందరక్కకి చెబుతాడా. చక్రధర్ సార్ ఊరుకోమంటే నాకు అర్థమవుతుంది. నువ్వు నా కోసం ఊరుకోమన్నావు, అందుకే ఎక్కువ మండుతోంది.

నువ్వు చెప్పిందే చేస్తానని రాశాను. చేయను.

ఆదివారం గురజాల పోతున్నాను.

పింకీ

*

దాచేపల్లి,
సెప్టెంబరు 24.

పెద్దమ్మా,

ఊరి పేరు చూసి నీకు తెలిసిపోయి ఉంటుంది. నాన్న దగ్గర ఉన్నాను. పని పోయింది.

ముందు చక్రధర్ సార్‌కి చెప్పాను. తలుపు వేసి కూర్చోమన్నాడు. "అమ్మాయ్, నీకు తెలియక అంటున్నావు. కాగితం కరెక్టుగా ఉంది. నువ్వెందుకు పాడుచేస్తావు" అన్నాడు. కాగితం అబద్ధం సార్ అన్నాను. "అబద్ధం అని నువ్వంటే ఇక్కడున్న కాగితాలన్నీ ఏమవుతాయో ఆలోచించావా" అన్నాడు. అదే నేను చెప్పేది అన్నాను. సాయంత్రానికి లెక్క చూసి పంపేశాడు. ఈ జిల్లాలో ఎక్కడా పని దొరకదన్నాడు. నీ మాట నిజమే అయింది, సంతోషించకు.

గురజాల వెళ్ళాను. శ్రీవల్లి గారు కొట్లో ఉన్నారు. నన్ను చూసి స్టూలు జరిపారు.

"కూర్చోమ్మా. అమ్మ ఫోన్‌లో నీ గురించే చెప్పేది. ఆ పిల్ల డ్యూటీ ఉన్న రోజే నాకు తెల్లారినట్టు ఉంటదే అనేది."

తిడుతుందని గట్టిపడి వెళ్ళాను. కూర్చోకుండానే చెప్పాను. ఆ టిక్కులు అబద్ధమని. రోజుకి ఆరు గంటలు ఒకే పక్కన ఉంచానని. సుందరక్క తప్పు లేదని.

మధ్యలో ఒకాయన మినప్పప్పు కోసం వచ్చాడు. ఆమె తూచి, పొట్లం కట్టి ఇచ్చి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"అమ్మే అడిగిందా అట్టా ఉంచమని?"

"అడిగింది."

"అయితే మరి..." అంది. నన్ను వదిలేయడానికి దారి చూస్తోంది పెద్దమ్మా. ఆ దారిన పోవచ్చు.

"కిటికీ కోసం అడిగింది మేడం. ఆ పక్క ఆమెకి స్పర్శ లేదని నాకు తెలుసు. అట్టానే ఒత్తుకుంటే పుండు పడుద్దని, పుండు ప్రాణం మీదకి వస్తదని నాకు తెలుసు. ఆమెకి చెప్పలా. చెప్పుంటే ఏమనేదో తెలియదు. తెలిసి వద్దనడం వేరు, ఆమెకి తెలుసుకునే అవకాశమే నేను ఇవ్వలా."

ఆమె తక్కెడ పక్కకి జరిపింది. తరువాత నోటు పుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి ఇచ్చింది. "రాయి. తారీఖులతో రాయి. అదే కాగితం ఇంకోటి కూడా రాయి, ఆ సుందరికి ఇవ్వు" అంది.

జూలై ఎనిమిది నుంచి ఆగస్టు తొమ్మిది దాకా, నా వారపు సెలవులు నాలుగు పోను, ఇరవై తొమ్మిది రోజులు. ఒక్కొక్క తారీఖు వేసి, పన్నెండుకి మార్చలేదు, రెండుకి మార్చలేదు అని రాశాను. చదివి, "ఇన్ని రోజులా" అంది. అవునన్నాను. ఇక నన్ను పొమ్మంది. కేసు పెడుతుందో లేదో చెప్పలేదు, నేను అడగలేదు.

సుందరక్క ఊరు కనుక్కుని, రెండో కాగితం తీసుకుని నిన్న బొల్లాపల్లి బస్సెక్కాను. సుందరక్క మిరప చేలో కలుపు తీస్తోంది. పని ఇంకెక్కడా దొరకలేదట. హోమ్‌లో ముసలావిడ చచ్చిపోయిందని, అది ఆమె డ్యూటీలోనే అని అంతటా పాకిపోయిందట. గట్టు మీదకి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుని, కాగితం తీసుకోకుండా, "నాకు చదువు రాదుగా, నువ్వే చదువు" అంది.

చదివాను. పొడుగ్గా ఉంది. మొత్తం విన్నది.

"నేను చెప్పింది రాశావా?" అంది.

నీకు కూడా రాయలేదు పెద్దమ్మా. అన్నీ ఒప్పుకుంటానని నీతో అంతగా పోట్లాడి, ఇది దాచాను. ఆగస్టు రెండో తారీఖు పొద్దున, స్నానం చేయించి దిగుతూ సుందరక్క నాతో, "మామ్మకి కుడి తుంటి మీద ఎర్రగా ఉందే. నొక్కినా తెల్లబడట్లా. నాకు రాయడం రాదు, కాగితంలో నువ్వు రాసి సిస్టర్‌కి చెప్పు" అంది. "నేను చూసుకుంటాలే అక్కా" అన్నాను. రెండు రోజులు ఎడమ పక్కనే ఉంచాను. మామ్మ నాతో మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. మూడో రోజు మళ్ళీ కిటికీ వైపు తిప్పాను. రాస్తే అప్పటిదాకా నేను పెట్టిన అబద్ధపు టిక్కులు బయటపడతాయి. అందుకని ఎక్కడా రాయలేదు. సిస్టర్‌కి చెప్పలేదు.

"అందరి ముందర ఎందుకు చెప్పలేదక్కా, నాకు చెప్పానని?" అన్నాను.

"నువ్వు చెప్తావని చూశా" అంది. "చెప్పలా. నేను చెప్తే నువ్వు కాదంటావని భయమేసింది. కాదంటే నాకు ఇంకేం ఉంది. కాగితం నీ చేతిలో."

గట్టు మీద కూర్చుని, ఇరవై తొమ్మిది తారీఖుల కింద రాశాను. ఆగస్టు రెండున సుందరి నాకు చెప్పింది, నేను ఎవరికీ చెప్పలేదు అని. ఆ రెండు రోజుల దగ్గర కొట్టేసి, ఎడమ పక్కన ఉంచిన మాట రాసి, ఇరవై ఏడు చేశాను. గురజాల కాగితంలో కూడా ఇట్లానే దిద్దాలి. రేపు మళ్ళీ వెళ్తున్నాను.

సుందరక్క చివరి వాక్యం మీద వేలు పెట్టింది. తన పేరు మాత్రం గుర్తుపట్టగలదు.

"ఈ ముక్క ఇంకోసారి చదువు" అంది.

చదివాను.

"ఇంకోసారి" అంది.

పింకీ